ఉన్న బండియు, ఊరించు బండియు



ఈ సాయంకాలము నేను మీకు మోటారు బండ్ల చరిత్రలో నొక ఘట్టమును విన్నవింప దలచితిని. పంచకావ్యములు చదివికొని, ముప్పది సంవత్సరములకు పైగా పిల్లలకు తెలుగు పాఠములు చెప్పి, విశ్రాంతి గైకొన్న నావంటి వానికి మోటారు బండ్లతో నేమి పని యని మీలో కొందఱకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. నా కీ పని కల్పించినవాడు మా తమ్ముని కుమారుడు.

గత సంక్రాంతికి వాడు పట్టణమునుండి భార్యతోను, మూడేండ్ల కూతురితోను మా యింటికి వచ్చెను. వానికి బాల్యమునుండియు బండ్ల పిచ్చి. వీధిలో పోవు బండి చప్పుడు విని, యది యే కంపెనీదో లోపల కూర్చుండియే చెప్పగలడు. 2014లో కొన్న చిన్న కారొకటి వానికి కలదు. అది నేటికిని చక్కగా నడచుచున్నది. భోగినాటి సాయంకాలము వాడు నా మంచము ప్రక్క కూర్చుండి, రంగుల బొమ్మలున్న పుస్తక మొకటి నా చేతిలో బెట్టి, "పెదనాన్నగారూ, ఈ పెద్దబండి తీసుకోవాలని ఉంది. పాతది ఇచ్చేస్తే కొంత వస్తుంది. మిగిలినదానికి మన చెఱువు కింద చెక్కమీద అప్పు తీసుకుంటాను. ఉమ్మడిది గనక మీ సంతకం కావాలి" అనెను.

ఆ చెక్క యెకరమున్నర మాగాణి. మా తండ్రిగారు రెక్కల కష్టముతో సంపాదించినది. నేను ఔననలేదు, కాదనలేదు. "ఉగాదికి రా నాయనా, అప్పుడు చెప్పెదను" అంటిని. నడుచుచున్న బండిని విడిచి మఱియొక బండిని కోరుట యను నలవాటు మనుష్యునకు ఎప్పుడు, ఎట్లు కలిగినదో తెలిసికొనకుండ తీర్పు చెప్పుట నాకు ధర్మముగా తోపలేదు. ఆ రెండు మాసములలో చదివి తెలిసికొన్నదియే నేటి ప్రసంగము.

మొదట మన యెడ్లబండిని తలచికొందము. ఇరుసు విఱిగిన ఇరుసు వేయించుచుంటిమి. ఆకు వదులైన వడ్రంగి యాకు మార్చెడివాడు. పట్టా సడలిన కమ్మరి దానిని కాల్చి మరల నెక్కించెడివాడు. ఇట్లు అవయవము లన్నియు మాఱినను, బండి తాతగారి బండియే. ఎద్దుల జోడు మాఱెనేకాని బండి మాఱలేదు. అయినను మన పూర్వులకు డాబు లేదని నేననను. ఒంగోలు గిత్తల జోడు గట్టి, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడిగి, మెడలో గంటలు గట్టి, తిరునాళ్లకు బండి తోలిన రైతు ప్రక్కబండివానిని ఓరకంట చూడకుండునా? కోరిక పాతదే. దానిని ఏటేట పండు పంటగా చేసిన నేర్పు మాత్రము కొత్తది. ఆ నేర్పు పుట్టినది అమెరికా దేశమున.

1908వ సంవత్సరము అక్టోబరులో హెన్రీ ఫోర్డు "మోడల్ టీ" యను బండిని విపణికి తెచ్చెను. అయిదుగురు కూర్చుండు ఆ బండి వెల నాడు 850 డాలర్లు. దాని బలము 20 అశ్వశక్తులు. ఫోర్డు స్వయముగా రైతుబిడ్డ. గతుకుల బాటలలో, బురదలో, పొలము గట్లమీద నడువగల బండిని అతడు చేసెను. అమెరికా రైతులు దాని వెనుక చక్రమును పైకెత్తి, దానికి పట్టీ తగిలించి, ఱంపములు నడపిరి, నీళ్లు తోడిరి. దానికి లోపములును లేకపోలేదు. ముందర నిలిచి ఇనుప కడ్డీని చేతితో త్రిప్పిననే యంత్రము మేలుకొనును. అది యెదురు తిరిగిన చేయి విఱుగును. పెట్రోలు తొట్టి కూర్చుండు పీటక్రింద నుండుటచే, నిట్టనిలువు మిట్టనెక్కునప్పుడు పెట్రోలు యంత్రమునకు పాఱక, జనులు బండిని వెనుకకు త్రిప్పి, వెనుకనడకతో మిట్టనెక్కెడివారు.

1913లో ఫోర్డు తన హైలాండు పార్కు కర్మాగారమున కదలు వరుస నేర్పాటు చేసెను. పనివాడు బండివద్దకు పోవుటకు బదులు బండియే పనివాని వద్దకు నడచి వచ్చును. ఒక బండి చట్రమును కూర్చుటకు మునుపు పండ్రెండున్నర గంటలు పట్టుచుండగా, ఆ పద్ధతి కుదిరిన పిమ్మట గంటన్నర చాలెను. వెల తగ్గుచు వచ్చి, 1925 నాటికి ఇద్దరు కూర్చుండు బండి 260 డాలర్లకు దొరకెను. 1914 మొదలు 1925 వఱకు అన్ని బండ్లకును ఒకటే నలుపు రంగు. ఒకమారు తన బండి కొన్నవాడు మఱియొకటి కొనవలసిన యవసరమే యుండరాదనుట ఫోర్డు సిద్ధాంతము. ఇది మన వడ్రంగి సిద్ధాంతమే కదా! 1921లో అమెరికాలో అమ్ముడైన బండ్లలో సగమునకు పైగా ఫోర్డువే.

అయితే ఒకేరీతి బండి అందఱకు నున్నప్పుడు మనుష్యుడు ఊరకుండడు. ఉన్నదానికే మెఱుగులు దిద్దుకొనుట మొదలిడిరి. గట్టి బ్రేకులు, అదనపు గేరులు, అద్దములు, పెట్టెలు — ఫోర్డు బండికి తగిలించు సామగ్రితో నొక పెద్ద వర్తకమే నడచెను. వేగముపై మోజుగలవారు యంత్రము పైమూతనే తీసివేసి, మఱింత బలమిచ్చు మూతను బిగించుకొనిరి. అట్టి మూతలలో పేరుపడినది "ఫ్రాంటెనాక్". దానిని చేసినవారు లూయీ షెవ్రొలే యనువాడును, అతని తమ్ముడును. 1911లో లూయీ పేరుతోనే షెవ్రొలే బండ్ల కంపెనీ వెలసినది. కొలదికాలమునకే అతడు దానినుండి తొలగెను. తన పేరుగల బండి ఫోర్డుతో పోటీపడుచుండగా, అతడు ఫోర్డు బండ్లకు వేగము పెంచు సామాను చేయుచుండెను. కాలగతి యట్టిది.

ఇక రెండవ పక్షము. జనరల్ మోటార్స్ సంస్థకు 1923లో ఆల్‌ఫ్రెడ్ స్లోన్ అధ్యక్షుడయ్యెను. ఫోర్డుతో వెలలో పోటీపడుట అసాధ్యమని అతడు గ్రహించి, వేఱొక త్రోవ త్రొక్కెను. తన సంస్థలోని బండ్లను నిచ్చెన మెట్లవలె నమర్చెను. అడుగుమెట్టు షెవ్రొలే. పైమెట్టు కాడిలాక్. నడుమ ఓక్లాండు, ఓల్డ్స్‌మొబీల్, బ్యూకు. ప్రతి సంచికిని తగిన బండి ఒకటి సిద్ధముగా నుండవలెను. క్రింది మెట్టుననున్నవాని కన్ను ఎల్లప్పుడును పైమెట్టు మీద నుండవలెను. ఇదియే ఆ యేర్పాటులోని కిటుకు.

తన విజయమునకు కారణములు నాలుగని స్లోన్ పిమ్మట 1964లో వెలువడిన తన గ్రంథమున వివరించెను. అవి మన ప్రశ్నకు మూలకందములు గనుక క్రమముగా చెప్పెదను.

మొదటిది వాయిదాల పద్ధతి. 1919లోనే జనరల్ మోటార్స్ వారు బండి కొనువారికి ఋణమిచ్చుటకు ప్రత్యేక సంస్థను నెలకొల్పిరి. ఫోర్డుకు ఋణమనిన గిట్టదు. అతడు 1923లో మఱియొక పద్ధతి పెట్టెను. వారమునకు కొన్ని డాలర్ల చొప్పున ముందుగా కట్టి, వెల పూర్తియైన పిమ్మట బండి తీసికొనిపోవలెను. ఒకరు ముందు బండి నిచ్చి పిమ్మట సొమ్ము గైకొందురు. ఒకరు ముందు సొమ్ము గైకొని పిమ్మట బండి నిత్తురు. జనులు దేనిని వరించిరో వేఱుగ చెప్పనక్కఱ లేదు. 1920 తరువాతి దశకము నడుమకు వచ్చుసరికి, అమెరికాలో అమ్ముడగు బండ్లలో నాలుగింట మూడుపాళ్లు వాయిదాలమీదనే పోవుచుండెను. తుదకు ఫోర్డును 1928లో ఋణసంస్థను స్థాపింపక తప్పలేదు.

రెండవది పాతబండిని పుచ్చుకొని కొత్తబండి నిచ్చుట. మొదటి బండి కొన్నవా డెన్నడు నడకతోనే దానిని పోల్చును. రెండవ బండి కొనువాడు మాత్రము తన మొదటి బండితో పోల్చును. ఈ భేదమును ఫోర్డు గ్రహింపలేదు, స్లోన్ గ్రహించెను.

మూడవది మూతబండి. ఆదిలో బండ్లకు గుడ్డ కప్పే గాని గోడలు లేవు. వానకును, మంచుకును మనుష్యుడు గుఱియగుచుండెను. అమెరికాలో తయారైన బండ్లలో 1924లో నూటికి 43 మూతబండ్లు కాగా, 1927లో 85 అయ్యెను. ఇది వట్టి డాబు కాదు, నిజమైన మేలు. అట్లే 1912లో కాడిలాక్ బండికి చార్లెస్ కెట్టరింగ్ అమర్చిన విద్యుత్ మీటయును. కడ్డీ త్రిప్పు బాధ తొలగుటచే స్త్రీలును, వృద్ధులును నిర్భయముగా బండి నడపగలిగిరి.

నాలుగవది ఏటేట మాఱు మాదిరి. ద్యూకో యను త్వరగా ఆఱు రంగు 1923లో వచ్చుటచే, నలుపే కాక నీలము, ఆకుపచ్చ మున్నగు రంగుల బండ్లు చవుకగా సాధ్యమయ్యెను. 1927లో హార్లీ ఎర్ల్ అను శిల్పిని పిలిపించి, బండ్ల రూపురేఖలకై ఒక శాఖనే స్థాపించిరి. యంత్రము పాతదే యైనను, ముఖము కొత్తదైన చాలును, నిన్నటి బండి నేడు ముదిసినట్లు కనబడును. బండిలో అరుగుదల లేకున్నను బండివాని మనస్సులో అరుగుదల పుట్టించిరి.

ఫలిత మేమయ్యెను? 1927 మే నెలలో కోటియేబది లక్షలవ మోడల్ టీ బయటకు వచ్చిన దినముననే ఫోర్డు దానికి స్వస్తి చెప్పవలసి వచ్చెను. కర్మాగారములు నెలల తరబడి మూతబడెను. వేలకొలది పనివారు దిక్కులు చూచుచు కూర్చుండిరి. డిసెంబరులో "మోడల్ ఏ" వచ్చువఱకు షెవ్రొలే ముందునకు సాగిపోయెను. మఱి 1929లో మాంద్యము వచ్చినప్పుడు నిచ్చెన యెక్కినవారి గతి యేమి? ఆ యేడు అమెరికాలో 53 లక్షల బండ్లు తయారు కాగా, 1932లో 13 లక్షలే తయారయ్యెను.

రాబర్టు లిండు, హెలెన్ లిండు అను దంపతులు ఇండియానా రాష్ట్రములోని మన్సీ యను నూరిలో జనుల జీవితమును పరిశీలించి 1929లో నొక గ్రంథము ప్రకటించిరి. బండి కొనుటకు ఇల్లు తాకట్టు పెట్టిన కుటుంబములను వారు చూచిరి. బండియుండియు శిథిలమైన యిండ్లలో నివసించు 26 కుటుంబముల నడుగగా, అందు 21 ఇండ్లలో స్నానపుతొట్టి యైనను లేదట. ఇది చదివి నేను నవ్వితిని. నవ్వుచుండగనే నాకు నా కథ జ్ఞప్తికి వచ్చి నోరు మూతబడెను.

పెద్దలారా, నా తప్పు నేను చెప్పుకొనెదను. 1998లో నేను పనిచేయుచున్న బడిలోనే యొక సహోపాధ్యాయుడు కారులో రాసాగెను. నా సైకిలు నాకు చిన్నదనము తోచెను. ఇంటిదాని రెండుపేటల గొలుసు అమ్మి, చేతులు మాఱిన బండి నొకదానిని కొంటిని. ఆఱు నెలలలో అది పశువుల కొట్టము చేరెను. దాని పీటలమీద కోళ్లు గ్రుడ్లు పెట్టెను. ఆ గొలుసు గుఱించి మా యింటిది నేటివఱకు నొక్క మాటయైన ననలేదు. అనియున్న నాకు తేలికగా నుండెడిది.

ఇప్పుడు మన దేశపు సంగతి చూతము. అమెరికాలో కోరికకు కొఱత లేకుండ బండ్లను వండి వడ్డింపగా, మనకు చిరకాలము వడ్డనయే లేదు. హిందూస్థాన్ మోటార్స్ 1942లోను, ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లోను స్థాపితములయ్యెను. దేశమున తయారుచేయక కేవలము కూర్పుపని చేయుచుండిన విదేశ సంస్థలు, ప్రభుత్వ విధానమువలన 1953, 1954 సంవత్సరములలో వైదొలగెను. 1957లో వచ్చిన అంబాసిడరు ఇంచుమించు అదే రూపున 2014 వఱకు నడచెను. ఫియట్ బండియే పేరు మాఱి ప్రీమియర్ పద్మిని యయ్యెను. మదరాసున స్టాండర్డు బండ్లు తయారయ్యెను. ఎన్నుకొనుటకు మూడు నాలుగు రకములే. సొమ్ము చేతిలో నున్నను పేరు నమోదు చేయించుకొని సంవత్సరముల తరబడి కాచికొనవలెను. మనకు బండి మాఱుట కోరికకు లోబడలేదు, వరుస సంఖ్యకు లోబడెను. అందుచే ప్రతి యూరిలో ఉన్న బండిని బ్రతికించు మేస్త్రీలు తయారైరి. కొఱత నేర్పిన విద్య యది.

1981లో మారుతి ఉద్యోగ్ స్థాపితమై, జపానుదేశపు సుజుకీ కంపెనీతో పొత్తు కుదుర్చుకొని, 1983 డిసెంబరు 14వ తేదీన తొలి చిన్నకారును కొనుగోలుదారు చేతికిచ్చెను. 1991లో ఆర్థిక సంస్కరణములు వచ్చెను. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సుల కట్టు తొలగెను. 1998 ఒక్క సంవత్సరములోనే సాంత్రో, ఇండికా, మాటిజ్ అను మూడు కొత్తబండ్లు వచ్చినవి. 2019లో మన పెనుకొండ సమీపమున, ఒకప్పుడు విజయనగర రాజులు విడిది చేసిన ప్రాంతమున, కియా కార్ల కర్మాగారము పని ప్రారంభించెను. స్లోన్ నిచ్చెన మన వీధులకు వచ్చినది.

దీనికి నిదర్శనము నానో కథ. 2008 జనవరిలో రతన్ టాటా లక్ష రూపాయల కారని దానిని లోకమునకు చూపెను. స్కూటరుపై నలుగురు తడియుచు పోవుట చూచి కలిగిన సంకల్ప మది. సంకల్పము గొప్పదియే. కాని చవుకబండి యను ముద్ర దానికి శాపమయ్యెను. అందఱిలో చవుకైన బండిలో దిగుటకు జనులు సిగ్గుపడిరి. 2018లో దాని తయారీ నిలిచెను. ఫోర్డు సిద్ధాంతమునకు మన దేశమునను అదే గతి పట్టెను.

ఉగాదికి మా అబ్బాయి వచ్చెను. పచ్చడి తిన్న పిమ్మట నేను పై కథ యంతయు చెప్పి, గొలుసు సంగతియు దాచక చెప్పి, "నడుచుచున్న బండికి లోపమేమున్నది నాయనా? చక్రములు మార్పించుకొమ్ము, బ్రేకులు బాగుచేయించుకొమ్ము" అని తీర్పు చెప్పబోతిని. వాడు తలవంచుకొనెను. అప్పుడు మా కోడలు, పాపను చంకనెత్తుకొని, గుమ్మము కడ నిలిచి, "మామయ్యగారూ, ఒక్క మాట. ఆ పెద్దబండి నాకూ అక్కరలేదు. కాని ఇప్పుడున్న బండిలో గాలిసంచులు లేవు. ఈయన వారానికి నాలుగు రోజులు పెద్దరోడ్డుమీద లారీల మధ్య తిరుగుతారు. పిల్లను తీసుకుని మేమూ వెళ్తాం. అవి తరువాత బిగించేవి కావట" అనెను.

నేను విచారించి చూచితిని. ఆమె చెప్పినది నిజము. ఎయిర్‌బ్యాగు లనబడు ఆ గాలిసంచులు బండి గ్రుద్దుకొన్న రెప్పపాటులో ఉబ్బి, తలను, ఱొమ్మును కాపాడును. మన దేశమున 2019 జూలై మొదలు తయారగు కార్లలో నడపువానికి గాలిసంచి తప్పనిసరి యయ్యెను. అంతకు ముందు చవుకరకపు బండ్లు పెక్కింటిలో నవి లేవు. మేస్త్రీ వాడుకలోనున్న బండికి అమర్చదగిన సామాను కాదది. నేను స్లోన్ మాయను మాత్రమే చూచి, మూతబండిని, విద్యుత్ మీటను మఱచితిని. ప్రతి మార్పును డాబే యనుకొనుట, ప్రతి మార్పును మేలే యనుకొనుట — రెండును తప్పుదారులే. చరిత్ర చదివియు నేను సగమే చదివితిని. తక్కిన సగము చదువని కోడలు చెప్పెను.

అంతట మువ్వురము కూర్చుండి మూడు ప్రశ్నలు వేసికొంటిమి. ఉన్న బండిలో లోప మేమి? ఆ లోపము మరమ్మతుతో తీరునా? తీరదేని, కొత్తదానికి వెచ్చించు సొమ్ము ఎక్కడిది? మొదటి ప్రశ్నకు కోడలు బదులు చెప్పెను. రెండవదానికి మేస్త్రీ బదులు చెప్పెను. మూడవదానికి మాత్రము మా అబ్బాయియే చెప్పవలసి వచ్చెను. పాతబండి వెలయు, వాడు కూడబెట్టిన సొమ్మును కలిపిన, గాలిసంచులున్న చిన్నబండి యొకటి వచ్చును. పెద్దబండి రాదు. వాని ముఖము చిన్నబోయినది. నలువది యేండ్ల వయస్సున నా ముఖము నట్లే యుండెను గనుక, నేను వానిని మందలింపలేదు.

చెఱువు క్రింది చెక్క కాగితములు పెట్టెలోనే యున్నవి. నా సంతకము పడలేదు.

పాతబండి నిచ్చివేయు దినమున ఉదయమున వాడు మా వాకిట దానిని తానే కడిగి, గుడ్డతో తుడిచి, పాపను దానిమీద కూర్చుండబెట్టి ఫొటో తీసెను. మా తండ్రిగారు ముసలి యెద్దులను అమ్మిన దినమున వాని కొమ్ములకు పసుపు పూసిరి. అది నాకు జ్ఞప్తికి వచ్చినది.

పెద్దలారా, మీ యిండ్లలోను కొడుకులును, మనుమలును రంగుల పుస్తకములు పట్టుకొని వత్తురు. వెంటనే సంతకము చేయవలదు. వెంటనే కాదనియు ననవలదు. ముందుగా ప్రశ్నలు వేయుడు. ప్రశ్నించునప్పుడు గుమ్మము కడ నిలిచినవారి మాటయు వినుడు.

ఇంతటితో సెలవు.